అమ్మ భుజం నొప్పికి కారణం తేల్చి చెప్పిన వైద్యులకు కృతజ్ఞతలు

అమ్మ భుజం నొప్పి విషయంలో మాకు అండగా నిలిచిన ఎముకల వైద్యుడికి, రేడియాలజిస్టు గారికి, స్కాన్ గదిలోని సిబ్బందికి, ఫిజియోథెరపిస్టుకు మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను.

చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్న అమ్మకు, జారి పడిన కొంతకాలానికి, జడ వేసుకోవడానికి కూడా కుడిచేయి లేవని పరిస్థితి వచ్చింది. రాత్రిపూట ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు, నొప్పికి మెలకువ వచ్చేది. భుజంలో ఏదో తెగిపోయిందనే మేమంతా భయపడ్డాం. వైద్యుడు అమ్మ మోచేతిని ఒంటికి ఆనించి పట్టుకుని, ముంజేతిని తానే మెల్లగా బయటివైపుకు తిప్పి చూస్తే, అది కొద్దిగా కదిలి ఆగిపోయింది. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు తెగినవారికి తమంతట తాము చేయి ఎత్తడం కష్టమైనా, మరొకరు ఎత్తితే సాధారణంగా లేస్తుందని, ఎవరు కదిపినా కదలకపోవడం భుజం కీలు బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ అనే జబ్బు లక్షణమని ఆయన వివరించారు. ఎక్స్‌రేలో కీలు అరుగుదల కనిపించలేదు. ఈ జబ్బుకు ఎం.ఆర్.ఐ. అందరికీ అవసరం లేదని, అమ్మ పడిపోయింది కాబట్టి భుజం కీలు చుట్టూ ఉండే స్నాయువుల సముదాయమైన రొటేటర్ కఫ్‌లో చిరుగు లేదని రూఢి చేసుకోవడానికే రాస్తున్నానని కూడా చెప్పారు. అవసరం ఏమిటో ఇంత స్పష్టంగా చెప్పి పరీక్ష రాసే వైద్యులు దొరకడం అదృష్టమనే అనుకుంటున్నాను.

యంత్రం చప్పుడుకు కంగారుపడిన అమ్మకు ధైర్యం చెప్పి, నొప్పి చేయి కింద మెత్త సర్దిన సిబ్బంది ఓర్పును మరచిపోలేను.

రేడియాలజిస్టు గారు రిపోర్టు చేతికిచ్చి పంపేయకుండా, మమ్మల్ని కూర్చోబెట్టి తెర మీద ఒక్కొక్క చిత్రమూ చూపించారు. కీలును కప్పి ఉండే తొడుగు చంకవైపు పలుచగా, వదులుగా ఉండవలసింది, అమ్మకు 5 మి.మీ. మందాన ఉబ్బి, వాపు వల్ల తెల్లగా మెరుస్తోంది. భుజం ముందువైపు ఎముకలను కలిపి ఉంచే కొరాకోహ్యూమరల్ లిగమెంటు కూడా దళసరెక్కింది, దాని పక్కన తెల్లని త్రికోణంలా కనిపించవలసిన కొవ్వు చాలావరకు మసకబారిపోయింది. స్నాయువులలో మాత్రం ఎక్కడా చిరుగు లేదు. ఆ మాట విన్నాక అమ్మ ముఖం తేటపడింది. వ్యాధిని పట్టింది వైద్యుడి చేతి పరీక్షేనని, స్కాన్ దానికి బలం చేకూర్చిందని ఆయనే చెప్పడం నాకెంతో గౌరవం కలిగించింది.

కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చే ముందు, కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చని హెచ్చరించి జాగ్రత్తలు చెప్పిన వైద్యుడికి, నొప్పి హద్దు దాటకుండా వ్యాయామాలు చేయిస్తున్న ఫిజియోథెరపిస్టుకు మరోసారి నమస్కారాలు. అమ్మ ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోగలుగుతోంది.