డివైడర్ గడ్డికి ట్యాంకరు నీళ్ళా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మధ్యాహ్నం రెండింటికి, ఎండ నెత్తి మాడుస్తుంటే, మా గుంటూరులో ఒక పెద్ద రోడ్డు డివైడరు మీద పరిచిన గడ్డికి ట్యాంకరుతో నీళ్ళు పెడుతున్నారు. సగం నీళ్ళు గట్టు దాటి తారు మీద పడి, చూస్తుండగానే ఆరిపోతున్నాయి. అదే రోజు సాయంత్రం మా వీధికి రెండు వీధుల అవతల ఆడవాళ్ళు బిందెలు వరసన పెట్టుకుని నీళ్ళ బండి కోసం కూర్చున్నారు. కృష్ణ నీళ్ళు తక్కెళ్ళపాడులో శుద్ధి అయి మన ఊళ్ళోకి రావడానికి ఎంత కరెంటు, ఎంత ఖర్చు! ఇలాంటి ఊళ్ళో వేసవిలో ట్యాంకరు తిరగాల్సింది ఎవరి కోసమో మనం గట్టిగా అడగాలి.

ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టే రాస్తున్నాను. ఐదేళ్ళ కిందట ఇల్లు కట్టుకున్నప్పుడు ముందున్న 60 గజాల ఖాళీలో, మనది నల్లరేగడి కదా, దాని మీద రెండు ట్రక్కుల ఎర్రమట్టి పోయించి, కడియం నుంచి వచ్చిన లాన్ గడ్డి చాపలు పరిపించాం. ఎండాకాలంలో అది పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్లు కావాలి. 60 గజాలంటే సుమారు 50 చదరపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర 300 లీటర్లు, 15 లీటర్ల బిందెతో 20 బిందెలు. ఈ లెక్క చెబితే మా అత్తగారు "మా ఇంట్లో పదిమందికి రెండు రోజులు వచ్చేవమ్మాయ్ ఆ నీళ్ళు" అన్నారు.

రెండో వేసవికి బోరు తగ్గింది. ట్యాంకర్లు కొన్నాం. అయినా రోహిణి కార్తెకి గడ్డి పసుపు తిరిగింది. ఒక మూల పట్టుకుని లాగితే గోనెపట్టాలా లేచి వచ్చింది. వేళ్ళన్నీ పై రెండంగుళాల్లోనే అల్లుకుపోయి ఉన్నాయి, కింద మట్టి పొడిపొడిగా ఉంది, దాని కింద రేగడి వేలు దూరేంత నెర్రెలు విచ్చి ఉంది.

ఆ మృగశిరకి గడ్డంతా తీసేశాం. తంగేడు మొక్క కోసం నర్సరీలు తిరిగితే "అది రోడ్ల పక్కన పెరిగేదండీ, డబ్బిచ్చి ఎవరు కొంటారు" అన్నారు. చివరికి ఫిరంగిపురం దారిలో రోడ్డు పక్కన ఎండిన కాయలు కోసుకొచ్చి, గింజ తోలు గట్టిది కాబట్టి రాత్రంతా వేడినీళ్ళలో నానబెట్టి, నేరుగా నేలలోనే వేశాను. గేటు పక్కన వావిలి, గోడ వెంట అడ్డసరం, నందివర్ధనం, మెట్ల దగ్గర కనకాంబరాలు, నడిచే చోట గరిక. మొదటి ఏడాది వారానికి రెండుసార్లు నీళ్ళు పెట్టాల్సిందే, నాటి వదిలేస్తే ఏ మొక్కైనా చస్తుంది. రాలిన వేపాకు ఊడ్చి మొదళ్ళలో పరుస్తాం. ఈ వేసవిలో తంగేడుకి, వావిలికి చెంబెడు నీళ్ళు కూడా పోయలేదు. కనకాంబరాలకి బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళే సరిపోతున్నాయి. గరిక మాత్రం ఎండి గడ్డిపోచల్లా ఉంది, వచ్చినవాళ్ళు చచ్చిపోయిందంటారు. టెన్షన్ పడనక్కర్లేదు, కణుపులు నేలలో బతికే ఉంటాయి, ఒక మంచి వాన పడితే వారంలో పచ్చబడుతుంది.

తంగేడు ఆకుల మీద పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడుతున్నాయి, వీధిలో పిల్లలు పురుగుల్ని లెక్కపెట్టడానికి వస్తున్నారు. వినాయక చవితికి గరిక, వావిలి, ఉత్తరేణి బజారులో కట్టల లెక్కన కొంటున్నాం, ఇవన్నీ మన వాకిళ్ళలోంచి మనమే పీకేసుకున్నవి.

పొదలుంటే పాములొస్తాయని అందరూ అంటారు. అది తీసిపారేసే భయం కాదు. అందుకే గుమ్మం దగ్గర గుబురు మొక్కలు పెట్టం, ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం, రాళ్ళు, చెత్త పోగుపడనివ్వం.

రోడ్ల మధ్య మొక్కలు వేయించే అధికారులకు, అపార్ట్‌మెంట్ల అసోసియేషన్లకు నా మనవి ఒకటే. కొత్తగా లాన్ పరచడం ఆపండి. గడ్డి తీసిన చోట కోనోకార్పస్ అనే విదేశీ మొక్క మాత్రం పెట్టకండి, గుజరాత్ ప్రభుత్వం 2023లోనే దాన్ని నాటొద్దని నిషేధించింది. డివైడరుకి తంగేడు బాగుంటుంది. మోకాలెత్తున కత్తిరిస్తూ ఉంటే గుబురు కడుతుంది, మలుపుల్లో ఎదుటి బండి కనిపిస్తుంది. నర్సరీలవాళ్ళు కూడా ఈ మొక్కలు పెంచితే మాలాంటివాళ్ళు కొనుక్కుంటాం. ఊరంతా ఒకేసారి మార్చమని అడగడం లేదు, తొలకరి ఇంకా మూడు వారాలుంది, ఈలోగా ఒక్క రోడ్డు డివైడరుని ఎంచుకుని గింజలు సిద్ధం చేయండి. మా ఇంటి తంగేడు చెట్లకి ఇప్పుడు కాయలు ఎండి ఉన్నాయి, అడిగితే సంచితో ఇస్తాను.

ఒక పాఠకురాలు,
విద్యానగర్, గుంటూరు