ఆకు ఎందుకు ఆగింది

హనుమకొండ,
ఆదివారం రాత్రి

దోస్తూ,

మంచిగున్నావురా? ఎలక్ట్రాన్ అలలాగా పోతుందంటే నమ్మేదెట్లా అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను.

నిన్న సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద కూర్చున్నా. ఇద్దరు పిల్లలు కొంచెం ఎడంగా నిలబడి కర్రలతో నీళ్లు కొడుతున్నారు. మధ్యలో ఒక రావి ఆకు ఎగిరెగిరి పడుతోంది. జానెడు పక్కకు జరిగిందో లేదో, ఊగడం ఆపేసింది! అక్కడ ఒక అల లేచే వేళకు రెండోది పడుతోంది, చెల్లుకు చెల్లు.

ఎలక్ట్రాన్లతో చిప్పులోనూ అదే. గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకం మీద ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసంతో ఉంగరం చెక్కుతారు. పరమాణువుల కదలికలు ఎలక్ట్రాన్ అల లయ చెడగొట్టకుండా మైనస్ 269 డిగ్రీలకు, ఇంకా కిందికి చల్లబరుస్తారు. ఒక్క ఎలక్ట్రానే అలగా చీలి ఉంగరం రెండు దారుల్లోనూ పోయి అవతల కలుస్తుంది. అయస్కాంత క్షేత్రాన్ని మెల్లగా పెంచితే ఆ రెండు అలల లయ మధ్య తేడా మారుతుంది. కరెంటు పెరుగుతూ తగ్గుతూ గ్రాఫ్ మీద రంపం పళ్లు గీస్తుంది. అదిరా సాక్ష్యం! కణం ఒక్క దారినే పోతే ఆ పళ్లే రావు.

లెక్క కూడా వేసి చూశా. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశంతో భాగించి, మళ్లీ ఉంగరం లోపలి వైశాల్యంతో భాగిస్తే పన్నుకూ పన్నుకూ మధ్య అయస్కాంత క్షేత్రంలో తేడా సుమారు 5 మిల్లీటెస్లాలు. పదార్థం ఏదన్న ఊసే లేదు! 1985లో వెబ్ అనే శాస్త్రవేత్త బృందం ఐబీఎంలో బంగారు ఉంగరంతో చూసిందీ ఈ సూత్రాన్నే.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది. క్షేత్రం ఉంగరం మధ్య ఖాళీలోనే ఉండి, ఎలక్ట్రాన్ నడిచే దారిని అసలు తాకకపోయినా లయ మారుతుంది. అహరొనోవ్, బోమ్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఈ మాట రాసింది 1959లో, మన వరంగల్ ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) పుట్టిన ఏడే. క్షేత్రం బయటికి కారకుండా మూసేసి 1986లో జపాన్‌లో టోనోమురా అనే శాస్త్రవేత్త చేసి చూపించేదాకా కొందరు ఒప్పుకోలేదు. వాళ్లను తప్పుపట్టలేను. అడుగు పెట్టని చోటి సంగతి ఎలక్ట్రాన్‌కు ఎట్లా తెలిసిందిరా?

క్షేత్రం బాగా పెంచితే ఎలక్ట్రాన్లు అంచులు పట్టుకుని పరుగెడతాయి. 1980లో క్లిట్జింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పట్టుకున్న 25,813 ఓమ్‌ల నిరోధం కథ అక్కడ మొదలవుతుంది. అది ఇంకో ఉత్తరంలో.

సంక్రాంతికి రా. అమ్మ సకినాలు చేస్తుంది. గట్టు మీద కూర్చుని ఆ లెక్క కాగితం మీద చేసి చూపిస్తా.

నీ దోస్తు