ఉచ్చులు, వదిలేసిన కుక్కలు, ఊళ్ళో తగువులు: 2025 వార్షిక నివేదిక

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ పట్టణంలో ఉన్నవాళ్ళకీ, ప్రాణహిత ఒడ్డు ఊళ్ళలో ఉన్నవాళ్ళకీ, పని కోసం చంద్రపూర్, హైదరాబాద్ పోయి ఉంటున్నవాళ్ళకీ కలిపి ఒకటే నివేదిక పంపుతున్నాం. ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. పిల్లలకి తెలుగు చదవడం, రాయడం నేర్పే ఆదివారం క్లాసు నడుస్తోంది. వీటి గురించి ఇంతకంటే రాయడం లేదు, ఎందుకంటే ఈ ఏడాది కార్యవర్గం సమయంలో సగానికి పైగా ఒక్క విషయానికే పోయింది, సభ్యులు ఎక్కువగా అడుగుతున్నదీ దాని గురించే.

అడవి పందుల కోసం పెట్టిన ఉచ్చుల్లో ఊరి కుక్కలు పడి చస్తున్నాయి. వేటకని తెచ్చిన కుక్కల్ని సీజన్ అయిపోగానే ఇక్కడే వదిలేసి పోతున్నారు. అవి తిండి లేక మేకల మీద పడుతున్నాయి. ఆ కోపంలో ఎవరో విషపు మందు పెడితే ఇంటి కుక్కలు కూడా పోతున్నాయి. చివరికి మేకలున్న ఇల్లూ కుక్క ఉన్న ఇల్లూ మాటలు మానేశాయి. మా దగ్గరికి ఇవన్నీ వేరువేరు ఫిర్యాదులుగా వచ్చాయి, కానీ ఏది ఎప్పుడు జరిగిందో వరసగా రాసుకుని చూస్తే ఒకదాని వెనక ఒకటి వచ్చినవే. అందుకే సంఘం మొదటి నుంచీ ఒకటే మాట చెబుతూ వచ్చింది: ఉచ్చులు, పందుల కోసం పెట్టే బాంబులు పోకుండా కుక్కల గొడవ తీరదు, కుక్కల్ని రాత్రిపూట కట్టేయకుండా మేకల నష్టం ఆగదు, విషంతో మాత్రం ఏదీ తీరదు.

ఇప్ప పువ్వు రాలే రోజుల్లో మొదలైంది ఇది. తెల్లవారకముందే గంపలు పట్టుకుని అడవిలోకి పోయే మన ఆడవాళ్ళకి మిరప చేను అంచున కుక్క మూలుగు వినిపించి ఫోన్ చేశారు. మేం వెళ్ళేసరికి ఆ కుక్క మోదుగ చెట్టు చుట్టూ తిరిగి తిరిగి నేలంతా గుండ్రంగా గీకేసి ఉంది. నడుముకి బైకు క్లచ్ వైరు బిగుసుకుంది, వైరు చర్మంలోకి ఎంత దిగిందంటే పై నుంచి చూస్తే వైరు కనిపించలేదు, ఈగలు ముసిరిన గీత ఒకటే కనిపించింది. విప్పబోతే కరుస్తుంది. ఒకతను గోనెసంచి తల మీద కప్పి మెడ దగ్గర అదిమి పట్టుకున్నాడు, ఇంకొకతను కటింగ్ ప్లేయర్‌తో ముందు చెట్టు దగ్గర తెంపి, తర్వాత నడుము దగ్గర ఒక్కొక్క పోగే కత్తిరించాడు. పశువుల దవాఖానలో కుట్లు వేశారు. కుక్క బతికింది, వెనక కాలు కొంచెం ఈడుస్తుంది. అదే కంచె వెంబడి నడుస్తూ వెతికితే పొదల సందుల్లో అలాంటివే ఇంకా కొన్ని ఉచ్చులు దొరికాయి, అన్నీ మోకాలి ఎత్తులో, చీకట్లో ఆడవాళ్ళు నడిచే బాట పక్కనే. ఆ వైర్లు అటవీ సిబ్బందికి అప్పగించాం, పంచనామా అయింది.

వైరు ఉచ్చు కంటే ఘోరమైనది పంది బాంబు. పేలుడు మందుని పిండి ముద్దలోనో కొవ్వులోనో చుట్టి పందులు తిరిగే దారిలో పడేస్తారు, కొరికితే పేలుతుంది. పంది ఎలా వాసన పట్టి వస్తుందో కుక్క కూడా అలాగే వస్తుంది, మేత మేస్తున్న ఆవు కూడా నోరు పెట్టొచ్చు. కింది దవడ లేకుండా ఇంటికి నడిచొచ్చిన కుక్కని చూసిన ఇంట్లో పిల్లలు ఎన్ని రోజులు అన్నం తినలేదో ఆ తల్లి మీటింగులో చెప్పింది, చెబుతూ చెబుతూ ఆపేసింది. ఆ ముద్ద ఏ పిల్లాడి చేతికో దొరికి ఉంటే అన్న ఆలోచన అక్కడున్న అందరికీ వచ్చింది. ఇలాంటివి తయారు చేసినా, దగ్గర పెట్టుకున్నా 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం వర్తిస్తుంది, అది వేట కేసుకి అదనం.

ఇక్కడ వేటకి పోయేవాళ్ళు కూడా మనవాళ్ళే, కొందరు సంఘం సభ్యులు కూడా. వాళ్ళని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాం. "మక్క పంట ఒక్క రాత్రిల పోతది, మీరు కుక్కల గురించి మాట్లాడుతరు, మా పంట గురించి ఎవరు మాట్లాడుతరు?" అని ఒక పెద్దాయన నిలదీశాడు. ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. పందుల గుంపు రాత్రి దిగితే పొద్దున చేను దున్నినట్టే ఉంటుంది, అది పండించినవాడికే తెలుస్తుంది. కాబట్టి వేట వద్దు అని ఊరికే చెప్పి రాలేదు. పంట నష్టానికి అటవీ శాఖ పరిహారం ఇస్తుంది, కానీ దరఖాస్తు వెంటనే పెట్టాలి, ఫోటోలు ఉండాలి, కాగితాలు మరాఠీలో ఉండాలి, మనలో చాలామందికి అక్కడే చిక్కు. ఈ ఏడాది ఆ దరఖాస్తులు రాసిపెట్టే పని సంఘం తీసుకుంది. మరాఠీ బాగా వచ్చిన మన కాలేజీ పిల్లలు సాయంత్రాలు ఆఫీసులో కూర్చుని రాస్తున్నారు, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గరికి ఏ కాగితం తీసుకెళ్ళాలో కూడా వాళ్ళే చెబుతున్నారు. నిజం చెప్పాలంటే వంద ఉపన్యాసాల కంటే ఈ పనివల్లే వేటవాళ్ళు మాతో మాట్లాడటానికి వచ్చారు.

చట్టం గురించి చాలా అపోహలు ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, ఎర వేయడం, కుక్కలతో తరిమించడం, చివరికి వీటికి ప్రయత్నించడం కూడా వేటే. "మేం చంపలే, మా కుక్కలు తరిమినయ్" అంటే కుదరదు. అడవి పంది 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూల్లో, అంటే చట్టం కాపాడే జంతువుల రెండో జాబితాలో ఉంది, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పంటని నాశనం చేస్తున్న జంతువుని చంపడానికి అదే చట్టం 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. ఆ అనుమతి లేకుండా ఎవరికి వాళ్ళు చంపేస్తే మాత్రం అది నేరమే. గ్రామసభకి అడవి మీద హక్కు వచ్చింది కదా, వేట కూడా మన హక్కే అని కొందరు అంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్ప పువ్వు, తునికాకు, వెదురు లాంటి వాటి మీద హక్కు ఇచ్చింది కానీ వేటని పేరు పెట్టి మరీ మినహాయించింది, పైగా 5వ సెక్షన్‌లో వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చింది. అంటే ఉచ్చులు తీయించే అధికారం మన చేతుల్లోనే ఉంది.

కరెంటు తీగల గురించి వేరే చెప్పాలి. లైనుకి కొక్కెం తగిలించి చేను చుట్టూ తీగ లాగడం ఒకప్పుడు ఎవరో ఒకరు చేసేవాళ్ళు, ఇప్పుడు పక్క చేను వాడు లాగాడని ఇంకొకడు లాగుతున్నాడు. పంది, కుక్క, మనిషి అన్న తేడా తీగకి తెలియదు. కరెంటు దొంగతనం కేసు 2003 విద్యుత్ చట్టం కింద వేరే పడుతుంది, మనిషి పోతే ఇక చెప్పనక్కర్లేదు. సోలార్ కంచె వేరు, అది క్షణంలో వందో వంతు కంటే తక్కువసేపు షాక్ కొట్టి ఆగుతుంది, జంతువు బెదిరి వెనక్కి పోతుంది కానీ చావదు. ఖర్చు ఎక్కువన్న మాట నిజమే, అందుకే పక్కపక్క చేలవాళ్ళు కలిసి వేసుకుంటే ఎంతవుతుందో లెక్క తెప్పిస్తున్నాం. అంతవరకు పాత చీరలు కట్టడం, మంచె మీద వంతులవారీగా కావలి ఉండటమే దారి. తునికాకు సీజన్లో మనుషులు చీకటితోనే అడవిలోకి పోతారు కాబట్టి ఈ ఒక్క విషయంలో ఎవరి మీదా మొహమాటం పెట్టుకోవద్దని కార్యవర్గం గట్టిగా కోరుతోంది. తీగ కనిపిస్తే ముట్టుకోకండి. కరెంటు ఆఫీసుకీ, పోలీస్ పాటిల్‌కీ (ఊళ్ళో పోలీసుల తరఫున ఉండే మనిషి) చెప్పండి. అటవీ శాఖ టోల్ ఫ్రీ నంబరు 1926.

ఇప్పుడు కుక్కల సంగతి. మేకలవాళ్ళ నష్టం చిన్నది కాదు, దాన్ని ఎవరూ తేలిక చేసి మాట్లాడకూడదు. పిల్ల తల్లి మేకని చీల్చేసిన చోట ఆ ఇంటి అవ్వ కూర్చుని ఏడుస్తుంటే, కుక్కలకి కూడా చట్టం ఉందని చెప్పడం ఎవరికైనా కష్టమే. కానీ మేకల మీద పడ్డ ఆ కుక్కల గుంపు ఎక్కడిదో వెతికితే తెలిసింది. పెద్ద దవడ, మెడకి తెగిన తాడు, ఒళ్ళంతా పంది కోరల గాట్లు. ఊళ్ళో పుట్టి గుమ్మం ముందు అంబలి తాగి పడుకునే కుక్కలు కావవి. వేటకి నేర్పి, గాయపడ్డాయనో ముసలివయ్యాయనో వదిలేసినవి. తరమడం, కరిచి పట్టడం తప్ప వాటికి ఇంకేమీ నేర్పలేదు. ప్రాణహిత ఇసుకలో దుప్పి పిల్లల్ని తరుముతున్నవి కూడా ఇవే. పెంచినవాడు వదిలేస్తే అది కూడా నేరమే అని 1960 జంతు హింస నిరోధక చట్టం చెబుతుంది, అయితే దాంట్లో మొదటి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు, దానికి ఎవరు భయపడతారు? అందుకే ఇంటింటికీ ఎవరి కుక్క ఏదో రాసి మెడకి పట్టీ కట్టించే పని మొదలుపెట్టాం. పట్టీ ఉన్న కుక్క మేకని చంపితే ఆ ఇంటివాళ్ళు నష్టం కట్టాలని మూడు ఊళ్ళలో పెద్దలు ఒప్పుకున్నారు, మిగతా ఊళ్ళలో ఇంకా ఒప్పుకోలేదు.

మందు పెట్టినవాళ్ళెవరో తెలియదు, తెలిసినా ఈ నివేదికలో రాయం. కానీ పెట్టడం ఎందుకు తప్పో రాస్తాం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద జంతువుకి విషం పెట్టి చంపితే ఐదేళ్ళ దాకా జైలు. అది ఒక ఎత్తు. విషం తిన్న కుక్క కళేబరాన్ని ఊరి బయట పడేస్తే దాని మీదికి వచ్చేది రాబందు. ప్రాణహిత అవతల బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టుకుంటాయి, మన గడ్చిరోలి జిల్లాలో వాటి కోసం అటవీ శాఖ మేత వేసే చోట్లు ఏర్పాటు చేసింది. పశువులకి వాడే డైక్లోఫెనాక్ మందువల్ల దేశమంతా రాబందులు కుప్పకూలిపోతే 2006లో ఆ మందుని పశువులకి వాడకుండా నిషేధించారు. అంత కష్టపడి మిగుల్చుకున్న పక్షి మన ఊరి విషంతో పోవడం ఈ సంఘానికి ఎంతమాత్రం ఇష్టం లేదు. ఇంకో సంగతి, కుక్కల గుంపుని చంపితే ఆ చోటు ఖాళీగా ఉండదు, తిండి ఉన్నచోటికి కొత్త కుక్కలు వస్తాయి, వాటికి టీకాలు ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు.

ఆగస్టులో టీవీ వార్తలు చూసి "సుప్రీంకోర్టే కుక్కలన్నీ తీసెయ్యమన్నది" అని చాలామంది ఆఫీసుకొచ్చారు. ఆగస్టు 11 నాటి ఉత్తర్వు ఢిల్లీ, చుట్టుపక్కల ప్రాంతాల గురించి. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటినీ మీద పడి కరిచేవాటినీ మాత్రం వదలొద్దని చెప్పింది. చంపమని ఆ ఉత్తర్వుల్లో ఎక్కడా లేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్లు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది. మన దగ్గర దానికి తగిన ఏర్పాటు ఇంకా లేదు, గ్రామసభల తీర్మానాలు పంపి అడుగుతూనే ఉన్నాం. కుక్క రెండు నెలల్లో ఈనుతుంది, ఏడాదికి రెండుసార్లు ఈనగలదు. ఆలస్యమైన కొద్దీ పని పెరుగుతుంది.

సెప్టెంబర్ 28, ప్రపంచ రేబిస్ దినం నాడు పెట్టిన టీకాల శిబిరం బాగా జరిగింది. వేటవాళ్ళు కూడా తమ కుక్కల్ని తాళ్ళు కట్టి తీసుకొచ్చారు, అది చూసి మాకు నిజంగా ధైర్యం వచ్చింది. అదే రోజు స్కూలు పిల్లలకి చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నాం. కుక్క కరిస్తే, గీరినా సరే, పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం అద్దొద్దు, పసరు పొయ్యొద్దు, కట్టు బిగించొద్దు. అదే రోజు ప్రభుత్వ దవాఖానకి పోండి. చేతి చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు, ఆ రోజు నుంచి లెక్కపెట్టి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకి సూది వేసుకోవాలి, చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ ఇంకో మందు (రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్) కూడా ఇస్తారు, దాన్ని అడిగి మరీ వేయించుకోండి. రెండు సూదులయ్యాక బాగానే ఉంది కదా అని మానేసేవాళ్ళు మనలో ఉన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు.

కుక్కల జబ్బులు అడవిలోకి కూడా పోతాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు కనైన్ డిస్టెంపర్ అనే వైరస్ దొరికింది, కుక్కల్లో మామూలుగా తిరిగే జబ్బే అది. మన అడవుల్లో పులి ఉంది, చిరుత ఉంది. కాబట్టి వచ్చే శిబిరంలో రేబిస్‌తో పాటు ఆ టీకా కూడా వేయించాలని అనుకుంటున్నాం, దాని ఖర్చు ఎక్కువ, విరాళాలు కావాలి.

జమాఖర్చుల పట్టిక ఆఫీసు గోడ మీద ఉంది, బయట ఊళ్ళలో ఉన్నవాళ్ళకి ఫోన్‌లో పంపుతాం. ఉచ్చులు వెతికే నడక వచ్చే ఇప్ప సీజన్ మొదలుకాకముందే అన్ని ఊళ్ళలో ఒకసారి పూర్తి కావాలి. వచ్చేవాళ్ళు కటింగ్ ప్లేయర్, గోనెసంచి, టార్చి తెచ్చుకోండి, బూట్లు వేసుకుని రండి, ముద్దలాంటిది ఏది కనిపించినా చేత్తో తాకకండి. మెడ పట్టీలు ఆఫీసులో ఉచితంగా ఇస్తున్నాం, ఇంకా తీసుకోనివాళ్ళు ఈ నెలలోనే వచ్చి తీసుకెళ్ళండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి