తలుపు మీద ఒక నంబరు, బానెట్ కింద ఒక నంబరు

మిల్పిటస్,
ఆదివారం రాత్రి.

చి. సిరికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు కొందామనుకుంటున్న పాత బండి ఫొటోలన్నీ చూశాను. ఫోన్లో చెబుదామనుకున్నాను గానీ ఈ కోడ్ల గొడవ ఫోన్లో తెమిలేది కాదు. కాగితం చేత్తో పట్టుకుని బండి పక్కన నిలబడి చదువుకోవాలి. అందుకే ఉత్తరం.

తెల్లటి ఫాస్ట్‌బ్యాక్, వెనక్కి జారిన ఆ టాపు... చూడగానే నీ మతి పోయిందంటే నేనేమీ అనను. అమ్మేవాడు "65 మస్టాంగ్, కె కోడ్, జి.టి." అంటున్నాడు కదా. అంటే 1965 ఫోర్డ్ మస్టాంగ్, అందులో అన్నిటికన్నా బలమైన ఇంజన్, పైన జి.టి. అనే స్పోర్ట్స్ ప్యాకేజీ. అందులో మొదటి మాట ఒక్కటే నేను నమ్ముతున్నాను.

డ్రైవర్ తలుపు తెరిస్తే తాళం పడే అంచున ఉన్న చిన్న రేకు ఫొటో తీశావు చూడు, కథంతా అక్కడే ఉంది. కింది వరుసలో 5ఆర్09కె అని మొదలై, తర్వాత ఆరంకెలు. ఇప్పటి బళ్ళకుండే 17 అక్షరాల నంబరు 1981 నుంచి వచ్చింది. దీనికి పదకొండే. 5 అంటే 1965 మోడల్. ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ. పేరుకే శాన్ హోసే, ఉన్నది మాత్రం మన మిల్పిటస్‌లో. 1983లో మూసేశారు. నీకు ప్రతి ఆగస్టులో స్కూలు బట్టలు కొన్న గ్రేట్ మాల్ ఆ ఫ్యాక్టరీయే. అంత పొడుగు మాల్ ఎందుకు కట్టారని నడవలేక ఏడ్చేదానివి. 09 అంటే ఫాస్ట్‌బ్యాక్ (07 అయితే హార్డ్‌టాప్, 08 కన్వర్టిబుల్). ఆ తర్వాతి అక్షరం ఇంజన్‌ది. టి అంటే ఆరు సిలిండర్లు, 120 హార్స్‌పవర్. సి, ఎ, కె మూడూ 289 వి8లే (289 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు), కానీ హార్స్‌పవర్ వరసగా 200, 225, 271. ధరంతా ఆ ఒక్క అక్షరం మీదే ఆడుతుంది.

ఒకే అక్షరం చోటు మారితే అర్థం మారుతుందని కూడా గుర్తుంచుకో. మొట్టమొదటి నంబరున్న మస్టాంగ్ 5ఎఫ్08ఎఫ్100001. మొదటి ఎఫ్ డియర్‌బార్న్ ఫ్యాక్టరీ, రెండో ఎఫ్ 260 వి8. అమ్మకూడని ఆ బండిని న్యూఫౌండ్‌లాండ్‌లో స్టాన్లీ టకర్ అనే పైలట్‌కు పొరపాటున అమ్మేశారు. ఫోర్డ్ వాళ్ళు అతనికి కొత్త మస్టాంగ్ ఇచ్చి గానీ వెనక్కి తెచ్చుకోలేకపోయారు. ఇప్పుడది హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. మీ అమ్మకు ఈ కథ పదిసార్లు చెప్పానట, అయినా నీకూ చెబుతున్నాను.

ఇక ఆ రేకు పై వరుస. 63ఎ, మామూలు సీట్ల ఫాస్ట్‌బ్యాక్. ఎం, వింబుల్డన్ వైట్. సరే, రంగు కలిసింది. 71, లాస్ ఏంజెలెస్ సేల్స్ ఆఫీసుకు వెళ్ళిన బండి. అదీ సరే. ఇప్పుడు తేదీ చూడు: 12ఎ. ఎ అంటే జనవరి. అంటే 1965 జనవరి 12. జి.టి. ప్యాకేజీ వచ్చిందే ఆ ఏడాది ఏప్రిల్‌లో! జనవరి బండికి ఫ్యాక్టరీ జి.టి. ఎక్కడి నుంచి వస్తుంది? జి.టి.కి రేకు మీద విడిగా కోడ్ అంటూ లేదు. అందుకే పొగమంచు దీపాలు, పక్క చారలు కొని తగిలించుకున్నవాళ్ళు లెక్కలేనంతమంది.

చివరిది గేర్‌బాక్స్ కోడ్. 6 అని ఉంది. 6 అంటే ఆటోమేటిక్. లోపలి ఫొటోలో కూడా క్లచ్ పెడల్ లేదు. 65లో కె ఇంజన్‌ను నాలుగు గేర్ల మాన్యువల్‌తో తప్ప ఇవ్వలేదు, దాని కోడ్ 5. కె ఇంజన్‌కు ఆటోమేటిక్ 66లో గానీ రాలేదు. నాకు తోచేదేమిటంటే, ఎవరో పుణ్యాత్ముడు కొత్త రేకు కొట్టించేటప్పుడు కింద అక్షరం మార్పించి, పైన 6 సంగతి మరిచిపోయాడు. ఇలాంటి రేకులు ఇక్కడ కొత్తవి చేసి అమ్ముతారు. రెండు రివిట్లు, అంతే. ఈయనే చేశాడని అనను. పాపం ఆయన కూడా అలాగే కొనుక్కుని ఉండొచ్చు.

కాబట్టి రేకును నమ్మకు, ముద్రను నమ్ము. బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు, ఇంజన్ పక్కనున్న ఇనుప గోడ మీద, మడ్‌గార్డు అంచుకు చిన్న గాడి కోసిన చోట చూడు. మడ్‌గార్డును ఇక్కడ ఫెండర్ అంటారులే. నంబరు ఇనుములోనే కొట్టి ఉంటుంది. ఐదో అక్షరం చూడు. సి ఉంటుందని నా పందెం. చుట్టూ వెల్డింగ్ మరకలున్నాయా, ఆ ముక్కకే కొత్త రంగు పడిందా, అది కూడా చూడు. టైటిల్ కాగితం (బండి ఎవరిదో చెప్పే పత్రం) మీది నంబరుతో అక్షరం అక్షరం కలవాలి.

దీనికి నా చిన్నప్పటి విద్య పనికొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో బాబాయి షెడ్డులో, బండి వేరేవాళ్ళ పేరుకు మారాలంటే ఛాసిస్ నంబరు ముద్ర తీసే పని నాదే. కిరోసిన్ గుడ్డతో గ్రీజు తుడిచి, పల్చటి కాగితం పెట్టి, పెన్సిల్ పడుకోబెట్టి రుద్దాలి. ఓసారి 3 కాస్తా 8 లాగా పడింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కాగితాలు మొహాన కొడితే, బాబాయి నన్ను ఆ లారీ కిందే గంటసేపు కూర్చోబెట్టాడు. అందుకే గట్టిగా నొక్కకు, తేలిగ్గా రుద్దు.

67 నుంచి తయారైన బళ్ళకు ఫోర్డ్ రికార్డుల నివేదిక డబ్బిచ్చి తెప్పించుకోవచ్చు. ఈ 65కి ఆ వీలు లేదు, ఇనుమే సాక్ష్యం. మరో చిన్న గుర్తు: ఆరు సిలిండర్ల బండి చక్రానికి నాలుగు నట్లు, వి8కి ఐదు. నీ ఫొటోలో ఐదే ఉన్నాయి, వి8 బండి అయ్యుండొచ్చు.

ముద్రలో సి ఉంటే మానేయమనను. ఆటోమేటిక్ సి కోడ్ ఫాస్ట్‌బ్యాక్ నువ్వు రోజూ ఆఫీసుకు నడుపుకోవడానికి కె కంటే మంచిదే. సి ధర అడుగు, అంతే. ఆయన్ని దొంగా అనకు, గొడవ పెట్టుకోకు. ముద్ర తీసిన కాగితం రేకు పక్కన పెట్టి ఆయనకే చూపించు.

శనివారం వెళ్ళేటప్పుడు మెత్తటి పెన్సిలూ, కాగితాలూ మరవకు. ఫీనిక్స్ ఎండలో మధ్యాహ్నం ఇనుము ముట్టుకోలేవు, పొద్దున్నే వెళ్ళు. ముద్ర తియ్యగానే ఫొటో పెట్టు, మెలకువగానే ఉంటాను. అమ్మ కందిపొడి కూడా ఈ పార్సెల్‌లోనే పెట్టింది. డబ్బా మూత బిగుసుకుంది, జాగ్రత్తగా తియ్యి.

నాన్న