చుక్క గురించి, శ్రావణం బుకింగుల గురించి

ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు ఆగాయి. అప్పుడే శ్రావణం ముహూర్తాలకు గుర్రం కావాలని ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్ ఎత్తేది నేనే కాబట్టి ఒక్కొక్కరికీ సగం సగం చెప్పడం కంటే, జరిగినదంతా ఒకచోట రాస్తే మంచిదనిపించింది. మే నెల నుంచి మా గుర్రం చుక్క ఎందుకు బయటికి రాలేదో, కొందరి అడ్వాన్సులు ఎందుకు వాపసు ఇచ్చామో, ఇక మీదట ఏ బరాత్‌కు వస్తామో, దేనికి రామో అన్నీ చెబుతాను.

మమ్మల్ని కొత్తగా తెలిసినవాళ్ల కోసం రెండు మాటలు. మాది మెదక్ దగ్గర ఒక ఊరు. మా నాయిన మెదక్ బస్టాండు నుంచి పెద్ద గుడి దాకా, అంటే మెదక్ చర్చి దాకా, జట్కా తోలేవాడు. గుడి చూడడానికి వచ్చిన ప్రతి సవారీకీ దారి పొడుగునా అదే కథ చెప్పేవాడు. కరువు రోజుల్లో పని ఇచ్చి, తిండి పెట్టి కట్టించిన గుడి అది. 1914లో మొదలుపెడితే 1924 క్రిస్మస్‌కు ప్రతిష్ఠ అయింది. శిఖరం 175 అడుగులు. "లోపలి రంగుటద్దాలు పగటి పూటే చూడాలె, పొద్దుగూకితే ఏం కనపడది" అని తొందర పెట్టి మరీ తీసుకెళ్లేవాడు. ఆటోలు వచ్చాక ఆ సవారీలు పోయాయి. నాయిన కూడా పోయాడు. జట్కా, గుర్రాల మీద ప్రేమ నాకూ తమ్ముడికీ మిగిలాయి. బరాత్‌లతో బతుకుతున్నాం. ఆదివారం సాయంత్రాలు పిల్లల్ని జట్కాలో తిప్పుతాం.

చుక్కను తెచ్చి ఐదేళ్లు. ముదురు గోధుమ రంగు ఒళ్లు, నుదుట తెల్లటి మచ్చ. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకబోతున్నట్టు ఉంటాయి, అది మార్వాడీ జాతి పోలిక. పోలికతో పాటు ఉడుకు రక్తం కూడా వచ్చింది. కొట్టం గడియను పెదవులతో లాగి తీసేస్తుంది. గొడుగు విప్పితే సహించదు. నీళ్ల తొట్టి ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరిపితే పూటంతా అలిగి తాగదు, రోజుకు ముప్పై నలభై లీటర్లు తాగే జీవం. గుర్రానికి కళ్లు పక్కలకు ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనబడుతుంది గానీ సరిగ్గా తోక వెనకాల ఉన్నది కనబడదు. అందుకే వెనక నుంచి వెళ్లి చరిచితే కాలు లేపుతుంది. పెళ్లిళ్లలో తమ్ముడు "వెనకకు రాకుండ్రి" అని అన్నిసార్లు అరిచేది అందుకే. అతని అరుపు దురుసుగా అనిపించిన వాళ్లు క్షమించాలి.

మా ఇంటికీ మా ఊరి చర్చికీ నడుమ ఒక చింతచెట్టు, ఒక గోడ. చిన్న సంఘం మాది, నలభై కుటుంబాలు. ఆదివారం మొదటి గంట మోగగానే చుక్క కాలితో నేల తడుతుంది. రెండో గంటకు సకిలిస్తుంది. ఆరాధన అయ్యాక సండే స్కూల్ పిల్లలు బెల్లం ముక్క తెస్తారని దానికి తెలుసు. గంట కొట్టే తాతకు మాత్రం అది గంట విని సంతోషపడుతుందని గట్టి నమ్మకం. నేను కాదనలేదు.

అయితే ఇది మొదటి నుంచీ ఇలా లేదు. తెచ్చిన ఏడాది, ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు అందరూ ఈత మట్టలు ఊపుకుంటూ, హోసన్నా పాడుకుంటూ మా ఇంటి ముందుగా వస్తే ఆ గలగలకు బెదిరి గూటం పీక్కుని చెరువు కట్ట దాకా పరుగెత్తింది. మరుసటి ఏడు పిల్లలే ఒక ఉపాయం చేశారు. ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాలు మొదలైనప్పటి నుంచి రోజూ సాయంత్రం రెండు మట్టలు తెచ్చి దూరంగా నిలబడి మెల్లగా ఊపేవారు. అది చెవులు నిక్కించి చూసేది. చెవులు మామూలుగా పడ్డాకే ఒక అడుగు ముందుకు వచ్చేవారు. ఒక్కోరోజు ఒక్క అడుగు కూడా ముందుకు పడేది కాదు. నాలుగో వారానికి మట్ట కొసను నోటితో అందుకుని నమిలింది. ఆ ఏడు ఊరేగింపులో అందరి ముందర నడిచింది. తొమ్మిదేళ్ల పిల్లలకు ఉన్న ఆ ఓపిక తర్వాత నాకు లేకపోయింది.

మే నెలలో జరిగింది ఇది. పెళ్లికొడుకు తండ్రి ఫోన్‌లో సూటిగా అడిగారు: "డీజే ఉంటది, పేపర్ బ్లాస్టులు, పటాకులు ఉంటయి. గుర్రానికి అలవాటేనా?" నేను "అలవాటే" అన్నాను. అది అబద్ధం. అంతకు ముందు రెండుసార్లు డీజే ముందర నిలబెట్టాం. రెండుసార్లూ చుక్క చెవులు వెనక్కి వాల్చి, చెమటతో ఒళ్లంతా తడిసి ఇంటికి వచ్చింది. చూసి కూడా ఒప్పుకున్నాను. మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సి ఉంది, సీజన్ చివర్లో వచ్చిన పెద్ద బేరం అది. ఆరు వేలకు ఒప్పుకున్నాను.

రాత్రి పదిన్నరకు, చౌరస్తా దగ్గర, డీజే బాక్సులకు పది అడుగుల దూరంలో ఉండగా పేపర్ బ్లాస్ట్, అదే రంగు కాగితాలు ఎగజిమ్మేది, పేలింది. చుక్క ముందరి కాళ్లు లేపింది. తమ్ముడు పగ్గం వదలకుండా పెళ్లికొడుకును పట్టుకోబోయాడు, రెండూ కుదరలేదు. ఆ బాబు పక్కకు జారి పడ్డాడు, మోచేయి గీరుకుపోయింది. తలకు ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం. తమ్ముడు పగ్గం వదిలి ఆయనను లేపేసరికి గుర్రం చీకట్లో కలిసిపోయింది. "అక్కా, చుక్క ఉరికింది, దొరుకుతలేదు" అని ఫోన్ చేసి ఏడ్చాడు. రాత్రంతా ముగ్గురు బండ్లేసుకుని పొలాల గట్ల మీద వెతికాం.

అది శనివారం రాత్రి. ఆదివారం తెల్లవారుజామున చర్చి ఆవరణ ఊడ్వడానికి వచ్చిన గంట తాత ఫోన్ చేశాడు. "బిడ్డా, నీ చుక్క గిక్కడ్నే ఉన్నది. నెత్తురు కారుతున్నది, జల్ది రా." తొమ్మిది కిలోమీటర్లు ఆ చీకట్లో ఎట్లా వచ్చిందో తెలియదు. ఎప్పుడూ కట్టేసే వేపచెట్టు కిందే, ఎవరూ కట్టకుండానే నిలబడి ఉంది. ఎడమ ముందరి కాలికి ముళ్ల కంచె గీరి మోకాలి కింద చర్మం వేలాడుతోంది. నన్ను చూసి సకిలించలేదు. నా భుజం మీద తల ఆనించింది, అంతే.

పశువుల డాక్టరు గారు పదకొండు కుట్లు వేశారు. గుర్రాలకు ధనుర్వాతం తొందరగా అంటుకుంటుందని ఆ సూది కూడా ఇచ్చారు. ఆరు వారాలు కదపొద్దన్నారు, దాణా తగ్గించమన్నారు. పని లేకుండా నిలబడిన గుర్రానికి ఉలవలు దండిగా పెడితే కడుపులో శూల పట్టుకుంటుంది, గుర్రం కక్కలేదు కాబట్టి అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇది తెలియక మా చర్చి స్త్రీల సమాజం అక్కలు చేసిన పని చెప్పాలి. మా ఇళ్లలో వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు దేవుని పేరు మీద పక్కకు తీసి, ఆదివారం చర్చికి ఇస్తాం. పిడికెడు బియ్యం అంటాం. ఆ వారం అక్కలు పిడికెడు బియ్యంతో పాటు పిడికెడు ఉలవలు కూడా కట్టుకొచ్చారు. ఉలవలు పండించే ఇళ్లు కావు, కొనుక్కుని తెచ్చారు. డ్రమ్ము సగం నిండింది. ఇప్పుడు పెట్టకూడదని చెప్పాల్సి వచ్చినప్పుడు నా గొంతు పెగల్లేదు. డ్రమ్ముకు మూత పెట్టి ఉంచాను, ఇప్పుడు రోజుకు కొంచెం నానబెట్టి పెడుతున్నాను. పిల్లలు మాత్రం బడి సెలవులన్నీ చెరువు కింద గరిక కోసుకొచ్చారు.

బుధవారం చర్చి కూడికలో పాస్టర్ అయ్యగారు బైబిల్లోని యోబు గ్రంథం 39వ అధ్యాయం చదివారు. బూర ధ్వని వినగానే యుద్ధంలోకి ఉరికే గుర్రం గురించిన మాటలవి. చదవడం అయ్యాక వెనక వరుసలో ఒక అవ్వ నాతో మెల్లగా, "మన చుక్క పసిపిల్ల లెక్క బిడ్డా, దానికెందుకు యుద్ధం" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు చాలామంది సలహాలు ఇచ్చారు. బరాత్‌కు ముందు మత్తు సూది వేయమన్నారు. ముళ్ల కళ్లెం వేస్తే తల ఎత్తదన్నారు. ముళ్ల కళ్లెం వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. నిబంధన లేకపోయినా దాని నోట్లో నేను అది పెట్టను. మత్తులో తూలే గుర్రం మీద మీ ఇంటి అబ్బాయిని కూర్చోబెట్టను.

కాబట్టి శ్రావణం నుంచి ఇలా. డీజే, పటాకులు, పేపర్ బ్లాస్టులు ఉన్న బరాత్‌కు చుక్క రాదు. బ్యాండు మేళం, సన్నాయి, డప్పులకు వస్తుంది, మేళం ముప్పై అడుగుల ముందు నడవాలి. రెండు గంటలే, రాత్రి తొమ్మిదిన్నర లోపు. పెళ్లికొడుకు ఒక్కరే ఎక్కాలి, ముందర చిన్న పిల్లవాణ్ని కూర్చోబెట్టే ఆనవాయితీ ఉన్నవాళ్లు జట్కా తీసుకోండి. జట్కాకు కొత్త చక్రాలు వేయించాం, పెళ్లికూతురు పెళ్లికొడుకు ఇద్దరూ హాయిగా కూర్చోవచ్చు. గుర్రానికి అయిదు వేలు, జట్కాకు నాలుగున్నర. ముందు కంటే తగ్గించాను, ఎందుకంటే రెండు గంటలకే వస్తున్నాం. తెల్ల గుర్రం అడిగేవాళ్లకు మా దగ్గర లేదు, తెలిసిన వాళ్ల నంబర్ ఇస్తాను.

ఆ పెళ్లివాళ్లకు డబ్బు మొత్తం వాపసు ఇచ్చాం, ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాం. వాళ్లు మా మీద కోపపడ్డారు, కోపపడాల్సిందే. తర్వాత ఏడు బుకింగులు రద్దు చేశాం. అయిదుగురికి అడ్వాన్సు ఇచ్చేశాం, ఇద్దరికి రెండేసి వేలు ఇంకా బాకీ. మీరిద్దరూ ఎవరో మీకు తెలుసు. శ్రావణం మొదటి వారంలో మీ ఇంటికే తెచ్చి ఇస్తాను. శ్రావణానికి ముందే కావాలంటే అడగండి, మొహమాటపడకండి.

కాలు మానింది. చర్మం మీద వెంట్రుకలు తెల్లగా వస్తున్నాయి. నాడాలు కొట్టే చాచా వచ్చి చూసి, డెక్కలు అరగదీసి, కొత్త నాడాలు వేశాడు. పోయిన ఆదివారం తమ్ముడు పగ్గం పట్టుకుని చర్చి చుట్టూ రెండుసార్లు నడిపించాడు. రోడ్డు మీద ట్రాక్టర్ హారన్ కొడితే ఒళ్లంతా వణికింది, నిలబడింది. రోజూ పొద్దున ఆ రోడ్డు పక్కనే నిలబెడుతున్నాం, చెవులు మామూలుగా పడేదాకా. పిల్లలు మళ్లీ వస్తున్నారు, ఈసారి స్టీలు పళ్లేలు తెచ్చి దూరంగా మెల్లగా చప్పుడు చేస్తున్నారు.

చుక్కను చూసి నిర్ణయించుకోవాలనుకుంటే ఏ సాయంత్రమైనా మా ఇంటికి రండి, ఎదురుగా నడిచి రండి, బెల్లం తెస్తే చాలా సంతోషం. ఫోన్ పొద్దున ఏడు నుంచి రాత్రి ఎనిమిది దాకా ఎత్తుతాను. ఆదివారం మాత్రం మూడో గంట మోగినప్పటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఎత్తను.