ఖాజాగూడ గుట్టకి సిమెంట్ మెట్లు వద్దు, చుట్టుబాట పూర్తి కానివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల మీదికి పొద్దున్నే వాకింగ్‌కి వచ్చేవాళ్లకి ఆ నిలువు బాట తెలిసే ఉంటుంది, కింది నుంచి నేరుగా పైకి పోతుంది చూడండి, అది వానలకి కోసుకుపోయి ఇప్పుడు బాటలా లేదు, చిన్న వాగులా ఉంది. మొరం కొట్టుకుపోయి వేర్లు బయటపడ్డాయి, మిగిలిన గులకరాళ్ల మీద కాలు పెడితే జర్రున జారుతుంది, దిగేటప్పుడైతే మరీను. జారుతోందని జనం పక్కనుంచి నడుస్తారు, అక్కడా గడ్డి పోతుంది, మళ్లీ వానొస్తే అదీ కోతే.

ఇప్పుడు కొంతమంది వాలంటీర్లు ఆదివారాలు పారలు, గడ్డపారలు, తట్టలు తెచ్చుకుని ఆ ముక్కని పక్కన పెట్టి గుట్టని చుట్టి వచ్చేలా కొత్త బాట వేస్తున్నారు, నడిచేవాళ్లకీ పరిగెత్తేవాళ్లకీ సైకిళ్లకీ అందరికీ. చూడ్డానికి మట్టి పనే గానీ దీంట్లో చాలా లెక్కుంది. వంద అడుగులు నడిస్తే ఎత్తు సుమారు పది అడుగులకి మించి పెరక్కూడదు, బాట బయటి అంచు కాస్త వాలుగా ఉండాలి, అప్పుడే నీళ్లు బాట వెంబడి పరిగెత్తకుండా అడ్డంగా దాటి కిందికి పోతాయి. ఒకమ్మాయి తవ్వడం అయిన చోట బకెట్ నీళ్లు పోసి అవి ఎటు పోతున్నాయో చూసింది, ఒక మూల నిలిచాయి, వెంటనే అక్కడ మళ్లీ చెక్కారు. ఒక్క బండని కూడా పగలగొట్టట్లేదు, దాని పక్కనుంచే తిప్పుతున్నారు. దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ అండీ అది, పోతే మళ్లీ తేలేం.

కొందరు మాత్రం ఆ నిలువు చోటే సిమెంట్ మెట్లు కట్టించమంటున్నారు. దయచేసి వద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మెట్లు ఎక్కలేరు, సైకిల్ ఎలాగూ పోదు, పైగా సిమెంట్ నీటిని పీల్చదు కాబట్టి వాన నీళ్లన్నీ మెట్ల పక్కన చేరి అక్కడ మట్టిని తినేస్తాయి, కొన్నాళ్లకి మెట్ల కింద డొల్లే మిగులుతుంది. అక్కడి దర్గాకి వచ్చేవాళ్లకైనా, క్లైంబింగ్‌కి వచ్చే పిల్లలకైనా ఈ చుట్టుబాటే నయం.

ఆ భూమి ఏ శాఖ కిందుంటే ఆ శాఖ వాళ్లు వీళ్లకి రాతపూర్వకంగా పర్మిషన్ ఇవ్వాలి, నోటిమాట మీద నడిచే పనిని రేపు ఎవరైనా వచ్చి ఆపేయొచ్చు. పాత బాటని కూడా మూసేయాలి, అది తెరిచి ఉన్నంతకాలం దగ్గర దారని అందరూ అటే పోతారు. ముళ్లకంప అడ్డం వేసి, కోసుకుపోయిన గాడిలో అడ్డంగా రాళ్లు పేరిస్తే మట్టి ఆగుతుంది, తంగేడు దానంతటదే లేస్తుంది. సైకిల్ తొక్కే తమ్ముళ్లు మలుపుల దగ్గర బెల్ కొట్టి, నడిచేవాళ్లకి దారివ్వాలి, లేకపోతే మొదటి గొడవకే సైకిళ్లు బ్యాన్ అంటారు.

జూన్‌లో వానలు మొదలయ్యేలోపు కొత్త మట్టి గట్టిపడాలి, అందుకే ఆ పర్మిషన్ ఏదో ఈ ఎండాకాలంలోనే ఇప్పించండి.

ఇట్లు,
ఒక వాకర్, మణికొండ