సైన్స్ ఫిక్షన్ సినిమాల తయారీ పుస్తకాలు గ్రంథాలయాలకు కొనండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. సైన్స్ ఫిక్షన్ సినిమాలు ఎలా తీశారో ఫొటోలతో, డ్రాయింగులతో వివరించే పెద్ద సైజు పుస్తకాలు గ్రంథాలయాల కొనుగోలు జాబితాకు ఎక్కడం అరుదు. ‘సినిమా పుస్తకం, అన్నీ బొమ్మలే’ అని పక్కన పెట్టేస్తారు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కాలేజీలకు కొదవ లేదు. ఆ పిల్లలకు ఫిజిక్స్‌ను పనిలో పెట్టి చూపించే పుస్తకాలివి.

ఒక ఉదాహరణ చూడండి. 25 మీటర్ల భవనం కూలే దృశ్యం కోసం ఒక మీటరు మోడల్ కట్టారనుకుందాం. నిజం భవనం పైనుంచి పెళ్ల ఊడితే నేలకు చేరడానికి సుమారు 2.26 సెకన్లు పడుతుంది. మోడల్ మీద నుంచి 0.45 సెకన్లే. మామూలు వేగంతో తీస్తే అది బొమ్మని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. అందుకని స్కేలుకు, అంటే మోడల్ ఎన్ని రెట్లు చిన్నదో ఆ అంకెకు, వర్గమూలం కడతారు. 25కు 5 వస్తుంది కాబట్టి కెమెరాను సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేములతో తిప్పుతారు. దాన్ని తెర మీద 24 ఫ్రేములతోనే వేస్తే పడటం నెమ్మదించి నిజం భవనంలా కనిపిస్తుంది. అప్పుడు ఒక్కో ఫ్రేముకు అందే వెలుతురు అయిదో వంతుకు పడిపోతుంది. పైగా తీసేది దగ్గర నుంచి. ముందుదీ వెనకదీ రెండూ స్పష్టంగా కనిపించాలంటే లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 11కు (అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) మూయాలి. దానికి మరో 16 రెట్లు. మొత్తం 80 రెట్ల వెలుతురు కావాలి! ఆ లైట్ల వేడికి ప్లాస్టిక్ భాగాలు వంగిపోతాయి. నీళ్లుంటే మరీ చిక్కు. మోడల్‌ను ఎంత చిన్నది చేసినా నీటి చుక్క చిన్నదవదు, నీటి పైపొరను బిగబట్టి ఉంచే తలతన్యత కానివ్వదు. ఓడలు, వరదల మోడళ్లను గదులంత పెద్దవిగా కట్టేది అందుకే.

అమెరికన్ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ తీయగా 1968లో విడుదలైన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కోసం డిస్కవరీ అనే అంతరిక్ష నౌక మోడల్‌ను 54 అడుగుల పొడవున కట్టారు. నౌక లోపలి గదికి 38 అడుగుల వ్యాసంతో తిరిగే చక్రం చేశారు. నటుడు గోడ మీదుగా నడుస్తున్నట్టు కనిపిస్తాడు గానీ, అతను ఎప్పుడూ అడుగుభాగంలోనే ఉంటాడు, చక్రమే తిరుగుతుంది. సెట్టును బయట నుంచి తీసిన ఒక్క ఫొటో చూస్తే సంగతి అర్థమైపోతుంది. ఆ సినిమా తయారీ మీద 1970లో వచ్చిన పుస్తకంలో 96 పేజీలు ఫొటోలకే ఇచ్చారు. పొరపాట్లు దాచని పుస్తకాలు ఇంకా విలువైనవి. 1993 నాటి ‘జురాసిక్ పార్క్’లో నిలువెత్తు డైనోసార్ యంత్రానికి తొడిగిన నురగ రబ్బరు చర్మం వాన దృశ్యంలో నీళ్లు పీల్చుకుంది. పొడి బరువుకు సరిచేసిన హైడ్రాలిక్స్ (ద్రవం ఒత్తిడితో కదిలించే ఏర్పాటు) ఆ అదనపు బరువు మోయలేక యంత్రమంతా వణికింది. టేకు టేకుకూ తువ్వాళ్లతో తుడిచి ఆరబెట్టాల్సి వచ్చింది.

కొనేవారు అట్ట చూసి కొనకూడదు. మోడల్ పక్కన మనిషిగానీ కొలబద్దగానీ ఉన్న ఫొటోలున్నాయా? ఫొటో కింద స్కేలు, ఫ్రేముల వేగం రాశారా? పోస్టర్లు, తారల ఫొటోలే ఉంటే వద్దు. తర్వాత పుస్తకం వీపు, అంటే పేజీలు కలిపి బైండు చేసిన అంచు, చూడాలి. 25×30 సెంటీమీటర్ల పేజీలు 300, చదరపు మీటరుకు 150 గ్రాములు తూగే ఆర్ట్ పేపరు అంటే కాగితమే దాదాపు 1.7 కిలోలు. నున్నటి ఆర్ట్ పేపరుకు జిగురు సరిగా పట్టదు. ఉత్త జిగురు బైండింగయితే పదిమంది చేతులు మారేసరికి పేజీలు ఊడొస్తాయి. దారంతో కుట్టిన పుస్తకమే కొనాలి. నడిమికి తెరిచి చూడండి, రెండు పేజీల మీద పరిచిన నౌక బొమ్మ మధ్య మడతలో మునిగిపోతుందేమో. ఇలాంటి బొమ్మల్లో చీకటే ఎక్కువ, చవక కాగితం మీద సిరా పాకి నలుపంతా ఒకటే ముద్దవుతుంది.

వీటిని నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. నిలబెడితే కాగితాల కట్ట తన బరువుకు అట్ట నుంచి కిందికి జారి వీపు చీలుతుంది. తడిస్తే ఆర్ట్ పేపరు మీది పూత కరిగి, ఆరేటప్పుడు పేజీకి పేజీ అంటుకుపోతుంది. తడి ఆరకముందే మధ్య మధ్య మైనపు కాగితం పెట్టి విడదీయాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన ఊరికి కింది అరలో పుస్తకం పెట్టొద్దని వేరే చెప్పాలా!

ఇంగ్లీషు పుస్తకాలు కొంటే సరిపోదు, తెలుగులోనూ రావాలి. సింగీతం శ్రీనివాసరావు గారి ‘ఆదిత్య 369’ 1991లో వచ్చింది. దాని కళా దర్శకుడు పేకేటి రంగా గారి టైమ్ మెషీన్ స్కెచ్‌లు, సెట్టు ఫొటోలు కొలతలతో సహా ఒకచోట అచ్చులో చూడాలని ఎవరికుండదు? ‘కల్కి 2898 ఏడీ’ కోసం మహీంద్రా, కోయంబత్తూరు జయం ఆటోమోటివ్స్ ఇంజినీర్లు నిజంగా నడిచేలా చేసిన ‘బుజ్జి’ వాహనం డ్రాయింగులు మెకానికల్ విద్యార్థికి పాఠ్యపుస్తకంతో సమానం. పాత సినిమాల విషయంలో ఆలస్యం చేయడానికి లేదు. అప్పటి అసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) ఫిల్మ్ నెగటివ్‌లు మన వేడికి, ఉక్కకు పాడై వినెగర్ వాసన వేస్తాయి. ఆ వాసన మొదలైతే ఇక ఆగదు, పక్కనున్న వాటికీ అంటుకుంటుంది. బిగించిన ప్లాస్టిక్ కవర్లలో దాస్తే ఇంకా తొందరగా పోతాయి. గాలి ఆడే పెట్టెలో చల్లగా, పొడిగా ఉంచి వెంటనే స్కాన్ చేయించాలి. ఏలూరు రోడ్డులోని ప్రచురణకర్తలు ఎవరైనా ముందుకొచ్చి కళా దర్శకుల కుటుంబాలను, స్టిల్ ఫొటోగ్రాఫర్లను కలవాలి.

జిల్లా గ్రంథాలయ సంస్థలకు నా విన్నపం ఇది. వచ్చే జనవరి పుస్తక మహోత్సవంలో కనీసం పది తయారీ పుస్తకాలు తెప్పించండి. ఖరీదైనవని బీరువాలో పెట్టి తాళం వేయకండి. రిఫరెన్స్ విభాగంలో మూడడుగుల వెడల్పు బల్ల వేసి, పక్కన ఒక భూతద్దం ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గవర్నర్‌పేట, విజయవాడ